మూతలో కన్నం

అతనికీ ఓ పేరుంది. కానీ ఏం లాభం? ఏడేళ్లుగా తను పనిచేసే మెకానిక్ షెడ్డుకి బళ్లు తెచ్చేవాళ్లతో సహా అందరూ "అల్లుడు" అనే పిలుస్తారు. షెడ్డు యజమాని అతని మామ మరి! పనీ అక్కడే, తిండీ అక్కడే, పడకా ఆ షెడ్డు మేడ మీదే. పొద్దున రెంచి జారితే రాత్రి కంచం ముందు మళ్లీ అదే పురాణం. పెళ్లాంతో గట్టిగా పోట్లాడుకుందామన్నా కింద మామ దగ్గు వినిపిస్తుంది. అల్లుడికి నిజంగానే ఊపిరాడ్డం లేదు.

అందుకే షెడ్డుకి కారు తెచ్చిన ఓ డాక్టరుగారు తన దగ్గర పనికొస్తావా అని అడగ్గానే ఎగిరి గంతేశాడు. ఆయన దగ్గర పాత స్పోర్ట్స్ కార్లు పదకొండున్నాయి. చూసుకునే మనిషికి జీతంతో పాటు విడిగా రెండు గదుల ఇల్లు.

"ఈ ఎర్ర కారుకి పెట్రోలు మూత పోయిందయ్యా. సరైంది వెతికి బిగించు. ఆదివారం నన్ను కొండ దాకా తిప్పి తీసుకొచ్చావా, ఉద్యోగం నీదే."

అల్లుడు తుక్కు కొట్లన్నీ జల్లెడ పట్టి, ఆ కాలం నాటి ఇత్తడి మూతే పట్టుకొచ్చాడు. తళతళలాడేలా తోమాడు. మధ్యలో సూదిమొనంత కన్నం కనబడితే టంకం పెట్టి పూడ్చేశాడు. మామ నేర్పిన మొదటి పాఠం అదే: "కన్నం కనబడితే ముందు పూడ్చు, తర్వాత ఆలోచించు." ఏడేళ్లకి చెయ్యి ఆలోచించడమే మానేసింది, ఖర్మ!

ఆదివారం కారు రివ్వున దూసుకుపోయింది. డాక్టరుగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. సగం దారిలో అది దగ్గి, దగ్గి, ఆగిపోయింది. అల్లుడు పంపు చూశాడు, వైర్లు చూశాడు. చివరికి మూత తిప్పాడు. ఉస్సుమని ట్యాంకు గాలి పీల్చుకుంది.

అప్పుడర్థమైంది అతనికి. ఈ పాత బళ్లకి ట్యాంకులోకి గాలి వెళ్లేది ఆ కన్నంలోంచే. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికి రాదు.

"తప్పు నాదేనండీ. నేనే పూడ్చేశాను," అన్నాడు. అబద్ధం ఆడొచ్చు, నోరు రాలేదు.

డాక్టరుగారు గడ్డం గోక్కున్నారు. "మూత దగ్గరే ఇలాగైతే పదకొండు కార్లు ఎలా అప్పగించనయ్యా? ఇంకో రెండేళ్లు మీ మామ దగ్గరే ఉండు. తర్వాత చూద్దాం."

రెండేళ్లు! అల్లుడు పక్కకెళ్లి మామకి ఫోన్ చేశాడు. "దారిలో బండి ఆగింది. ఆలస్యమవుతుంది మామయ్యా."

"ఆగుతుందిలే. కన్నం పూడ్చేశావుగా."

"మీకెలా తెలుసు?"

"నువ్వు టంకం పెడుతుంటే వెనకాలే ఉన్నానోయ్."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

అవతల దగ్గు. తర్వాత నెమ్మదిగా, "చెబితే వెళ్లిపోతావు కదా, అల్లుడూ," అన్నాడు ముసలాయన.

ఏడేళ్లలో ఆ గొంతు బతిమాలడం అల్లుడు ఎన్నడూ వినలేదు. ఫోన్ జేబులో పడేసి, మేకుతో టంకం పొడిచి కన్నం తెరిచాడు.

ఈసారి కారు ఎక్కడా ఆగలేదు. డాక్టరుగారిని ఇంటి దగ్గర దింపి షెడ్డుకి వచ్చేసరికి, మామ గేటు బార్లా తీసి నిలబడి ఉన్నాడు.