తువ్వాలు కింది మాట

నేను ఒక తువ్వాలును. మొహం తుడుచుకునే రకం అనుకునేరు! పన్నెండేళ్ళు బెల్లం మార్కెట్టులో ధరలు దాచిన తువ్వాలును. నన్ను నేసిన ముసలాయన, పాపం, ఎర్రంచు వేసి, కొసలకు కుచ్చులు కట్టి, ఎవరి భుజం మీదో దర్జాగా ఉంటానని మురిసిపోయాడు. నేను చేయబోయే పని తెలిసుంటే మగ్గం మీదే కోసి పారేసేవాడు.

నన్ను కొన్నది సన్యాసినాయుడనే దళారి. రైతు తెచ్చిన బెల్లాన్ని షావుకారుకు అమ్మిపెట్టడం అతని పని. మా మార్కెట్టులో బేరం నోటితో ఆడరు. షావుకారూ దళారీ చేతులు కలుపుతారు, పైన నన్ను కప్పుతారు. క్వింటాలుకు మూడు వేలన్నది అందరికీ తెలిసిందే. ఆ పైన ఎన్ని వందలో వేళ్ళు చెబుతాయి. రెండు వేళ్ళు పట్టుకుంటే రెండు వందలు, చెయ్యంతా అందిస్తే అయిదు వందలు. తువ్వాలు తీసేలోగా తల ఊపితే బేరం ఖాయం, ఇక దానికి తిరుగు లేదు. ఆ ధర రెండు చేతులకు తెలుస్తుంది, నాకు తెలుస్తుంది. పెనం దగ్గర మాడి మసై బెల్లం వండిన మనిషికి మాత్రం తెలియదు. మనుషులు దీన్ని మర్యాద అంటారు!

నా కింద నాలుగు వేళ్ళు పడేవి. నాయుడు బయటికొచ్చి, "ఇయ్యాల బజారు బాగోనేదర్రా, పైన మూడొందలే పలికింది" అనేవాడు. మిగతా వంద అతని జేబులోకి పోయేది. రైతు తల గోక్కుని, అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అనుకుంటూ పోయేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. గోడకు చెవులుంటాయంటారు. నాకు చెవులున్నాయి, లెక్క కూడా వచ్చు, నోరే లేదు. అంత సందడిలో, అన్ని చేతుల మధ్య, నా అంత ఒంటరిది ఇంకోటి లేదు.

ఒక మాఘమాసం ఉదయం నూకరత్నం వచ్చింది. యాభై దాటిన మనిషి. ఎకరం చేను కౌలుకు చేస్తుంది. ఇరవై క్వింటాళ్ళ బెల్లం తెచ్చింది, దిమ్మలు పసుపు ముద్దల్లా ఉన్నాయి. మూడు వేల అయిదు వందలు పలికితే కౌలు కట్టి మళ్ళీ చెరకు వేసుకోవచ్చు. వంద తగ్గినా కౌలుకు చాలదు. చాలకపోతే ఆమెను మాన్పించి ఆ నేలలో సరుగుడు తోట వేయిస్తానని భూమిగలాయన ముందే చెప్పేశాడు.

నాయుడు అలవాటుగా నన్ను భుజం మీంచి దించాడు. నూకరత్నం అడ్డం నిలబడింది.

"బాబూ, నా సరుక్కి నానే సెయ్యెడతాను."

"ఓలమ్మా! ఆడోళ్ళు తువ్వాలు కింద సెయ్యెట్టడవేటే?" అన్నాడు నాయుడు. చుట్టూ నవ్వులు.

"సెరుకు కొట్టింది ఈ సెయ్యే, బెల్లం వొండింది ఈ సెయ్యే. బేరానికి పనికిరాదేటి?"

షావుకారు చలమయ్య కూడా నవ్వి, "రానీవయ్యా, సరదా తీరుతుంది" అన్నాడు. నన్ను కప్పారు.

మొదటిసారి నా కింద బెల్లం వండిన చెయ్యి! గరుకుగా, వెచ్చగా, పాకం వాసనతో ఉంది. నాకెంత సంబరమైందో చెప్పలేను. చలమయ్య ఆమెవి రెండు వేళ్ళు పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. మూడు పట్టుకున్నాడు. మళ్ళీ విదిలించుకుని, చెయ్యంతా ఆయన అరచేతిలో పెట్టి గట్టిగా నొక్కింది. అయిదు అంటోంది.

అప్పుడు తగిలింది నాకు. చిటికెనవేలు ఉండాల్సిన చోట మొండి ఉంది. రెండేళ్ళ కిందట గానుగలో చెరకు గెడ తోస్తుంటే రోలర్ల మధ్య నలిగిపోయిన వేలు అది. వేలు పోయింది గానీ, చెయ్యి చెయ్యేనన్న నమ్మకం ఆమెకు పోలేదు. చలమయ్య బొటనవేలు ఆ మొండి మీద ఒక్క క్షణం ఆగింది. ఆయనకు అర్థమైంది. అర్థమయ్యాకే, బేరం ఖాయమని తల ఊపాడు. ఆమె కూడా సంతోషంగా ఊపింది.

"మూడు వేల నాలుగొందలు, రాసుకో" అన్నాడు చలమయ్య నాయుడితో.

"నాలుగేటి బాబూ! సెయ్యంతా ఎట్టీసినాను కదా!"

"నాలుగు వేళ్ళే తగిలాయమ్మా. తువ్వాలు కింది మాట మాటే."

నూకరత్నం నన్ను ఒక్క గుంజు గుంజి, ఆ చెయ్యి అందరికీ చూపించింది. "ఐదోది ఈ బెల్లంలోనే పోయింది బాబూ! దానికి దరనేదా?" నవ్వినవాళ్ళు నేల చూపులు చూశారు. ఒక్కడూ నోరు విప్పలేదు. వాళ్ళను ఏమని తిట్టను, నేనూ విప్పలేదుగా. కాటా వేశారు. నాలుగుకే పోయింది.

ఆడది లాగిన తువ్వాలు అచ్చిరాదని నాయుడు నన్ను మళ్ళీ ముట్టుకోలేదు. "నువ్వే ఉంచుకోవే" అని విసిరేశాడు. అలా ఆమె ఇంటికి చేరాను.

ఆ ఏడే చేనులో సరుగుడు మొక్కలు లేచాయి. పెనం బోర్లించారు. మరుసటి ఏడు మార్కెట్టులో తువ్వాలు బేరం మానేశారట, ధర పైకే పాడుతున్నారట. ఆ సంగతి చెప్పిన పొరుగావిడ, "నీ పున్నెవేనే" అంది. అమ్మడానికి నూకరత్నం దగ్గర ఒక్క దిమ్మ కూడా లేదు.

ఇప్పుడామె వేరేవాళ్ళ గానుగ దగ్గర కూలికి పోతోంది. చలికి మొండి సలుపుతుందని తెల్లారి నన్ను చేతికి చుట్టుకుంటుంది. నాకు కుచ్చులు ఊడిపోయాయి, ఎర్రంచు వెలిసిపోయింది. దారంతా నాకు తగిలేవి నాలుగు వేళ్ళే. ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోతాను, ఆ మొండి దగ్గరికి వచ్చి అయిదు అంటాను. ఎవరికీ వినపడదు.