ఎడమ చెంప

ఫ్రేము పై అంచు తుడిచి, గుడ్డ మడత మార్చి, కింది అంచుకు వచ్చిందామె. చెక్కిన పువ్వుల సందుల్లో దుమ్మును అగ్గిపుల్లతో తీయాలి. ఏడేళ్లుగా తీస్తోంది. పటంలో జోకర్ తెల్లరంగు ముఖంతో, కిందికి జారిన ఎర్రటి పెదవులతో ఎటో చూస్తున్నాడు. అతను తన మొగుడని ఆమె ఈ చిత్రశాలలో సూపర్‌వైజర్ ఒక్కడికే చెప్పింది. చెప్పిన రోజే సూపర్‌వైజర్ వేలు చూపించి బెదిరించాడు. "జనం ముందు ఈ మాట ఎత్తావో, మర్నాటినుంచి పనిలోకి రానక్కర్లేదు." ఆ పనితోనే ఇల్లు గడుస్తోంది. పైగా పటంలోనైనా తన మనిషి ఇక్కడే ఉన్నాడు. నోరు కట్టుకుంది.

పదకొండింటికి గైడమ్మ కాలేజీ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది.

"ఎడమ చెంప చూడండి. చిత్రకారుడు కావాలనే ఉబ్బెత్తుగా వేశాడు. లోకాన్ని నవ్వించేవాడు లోపల దాచుకున్న దుఃఖం అది."

ఇది రోజూ వినేదే. ఇవాళ ఇంకో ముక్క తగిలించింది.

"ఇంట్లో కూడా ఇతను ఎన్నడూ నవ్వి ఎరగడట."

ఆమెకు ఒళ్లు భగ్గుమంది. ఇంట్లో నవ్వలేదా? సత్తుగిన్నె నెత్తిన బోర్లించుకుని, పొలమారేదాకా తనను నవ్వించినవాడు! చెంప వాచి ముద్ద మింగలేని రోజు కూడా, "పన్ను పీకిస్తే సగం నవ్వే మిగుల్తుందేమోనే" అన్నవాడు!

"దుఃఖం కాదమ్మా, పిప్పిపన్ను."

పిల్లలు పక్కున నవ్వారు. గైడమ్మ ముఖం మాడిపోయింది.

"నీకేం తెలుసు?"

"నా మొగుడి పన్ను నాకు తెలీక మీకు తెలుస్తుందా? సర్కస్ మూతబడి ఆర్నెల్లు ఖాళీగా ఉన్నాక దొరికిన పని, ఈ బొమ్మకి నిలబడ్డం. పీకించుకొస్తానంటే, 'బొమ్మ అయ్యేదాకా ఆగు, ఆ నొప్పి ముఖానికి బాగుంది' అన్నాడు మీ చిత్రకారుడు. పదకొండు రోజులు నిలబెట్టాడు. చీము మెడలోకి దిగింది. బొమ్మ ఆరకముందే మనిషి పోయాడు. మీరేమో దానికి దుఃఖమని పేరు పెట్టి, టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు!"

ఒక అమ్మాయి తనకు తెలియకుండానే చెంప పట్టుకుంది.

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ సూపర్‌వైజర్ కేకలేయలేదు.

"రేపట్నుంచి రాకు."

"రమ్మన్నా రాను."

గైడమ్మ పిల్లల్ని పక్క గదిలోకి తోలుకుపోయింది. ఆమె పనికోటు విప్పి కొక్కేనికి తగిలించి, చేతిసంచి అందుకుని మళ్లీ పటం ముందుకు వచ్చింది. సంచి అడుగున వేళ్లతో వెతికింది. తర్వాత వెనక్కి తిరగకుండా మెట్లు దిగింది.

శుభ్రంగా తుడిచిన ఫ్రేము కింది అంచున, ఆ వాచిన చెంపకు సరిగ్గా కింద, ఒక్క లవంగం.