ఊపిరి ఆగిన చోట

గుయ్‌హువా పూల వాసన కిటికీలోంచి వస్తోంది. గాలి ఆగితే అదీ ఆగిపోతోంది. మళ్లీ గాలి... మళ్లీ వాసన.

ఈ కిటికీ పక్కనే ఆయన చదివేవాడు. నేను రాసేదాన్ని.

చదవడమంటే పాడటమే. మా ఊరు షావోషింగ్‌లో పాతకాలపు బడుల్లో పాఠం చదివే రాగం అది. వాళ్ల తాత దగ్గర పట్టుకున్నాడు.

పాత గ్రంథాల్లో వాక్యం ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తేమీ ఉండదు. అక్షరాలు కాలవ నీళ్లలా పోతూనే ఉంటాయి. చదివేవాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ వాక్యం ముగిసినట్టు. ఆయన ఊపిరి తీసుకునేవాడు. నేను ఎర్ర సిరాతో చుక్క పెట్టేదాన్ని. ఆ చుక్క చూసుకునే ఇంగ్లీషు చేసేదాన్ని.

మా కాపురమంతా అంతే. ఆయన ఊపిరి — నా చుక్క.

ఒక్క చుక్క కోసం ఎంత గొడవపడేవాడో! ఎప్పటి జ్ఞానినో తీసుకెళ్లి లండన్ వాళ్ల చేతిలో పెడుతున్నాం కదా... "తప్పుచోట ఆపామంటే ఆ మహానుభావుడి పీక నొక్కినట్టే" అనేవాడు. చుక్క జరపనంటే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. మా ఆయన ఫాన్ వెన్‌బో మొండితనం ఊరందరికీ తెలుసు.

చివరి అధ్యాయం నీళ్ల గురించి.

ఆగకుండా పోయే నీళ్ల గురించి.

పోయిన ఏడు ఇదే వాసనలో అది ముగించాం. చలికాలంలో ఆయన పోయాడు. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయని డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు.

నిన్న లువో మాస్టారు వచ్చాడు. మా ఆయనా ఈయనా చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నారు. అచ్చుకు పంపేముందు మూలంతో పోల్చి చూడమని నేనే ఇచ్చాను. కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు.

"వదినా, ఏమిటిది? చివరి అధ్యాయంలో ఈ చుక్కలు ఎవరు పెట్టారు?"

"ఇంకెవరు? నేనే. ఆయన ఆపినచోటే పెట్టాను."

"వాడా! వాడిక్కడ ఆపుతాడా? పదేళ్లప్పుడు కూడా ఆపేవాడు కాదు. అర్థం ముక్కలు ముక్కలైపోయింది కదా!"

"మీకేం తెలుసు? కావాలనే ఆపాడు" అన్నాను. నాకు ఒళ్లు మండింది.

మాస్టారు పేజీ మీద వేలు పెట్టి ఆ రాగంలోనే మెల్లగా చదివాడు. నా చుక్కల దగ్గర ఆగుతూ.

ఆగి... పీల్చి... ఆగి...

మా ఆయనే వచ్చి కుర్చీలో కూర్చున్నట్టయింది. జబ్బుమనిషిగా.

మాస్టారు చదవడం మానేశాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

అయ్యో... ఆయన ఆగింది అర్థం కోసం కాదు. ఆయాసంతో.

"కొంచెం వేడినీళ్లు పొయ్యవోయ్" అనేవాడు, ఆగినప్పుడల్లా. ఫ్లాస్కులోంచి పోసిచ్చేదాన్ని. వచ్చి చుక్క పెట్టేదాన్ని. పైగా మెచ్చుకున్నాను కూడా.

"ఏమయ్యా, ముసలితనంలో కొత్త విద్య నేర్చావే! ఎంత బాగా ఆపుతున్నావు!"

నవ్వాడు.

"నీకు నచ్చిందా? అయితే ఉండనీ."

ఉండనీ అన్నాడు! చుక్క కోసం అన్నం మానేసే మనిషి.

తప్పని ఆయనకి తెలుసు. తప్పంటే ఎందుకు ఆగాడో చెప్పాలి. చెబితే నేను పుస్తకం మూసేసి ఆస్పత్రికి లాక్కుపోతాను. అది ఇష్టం లేక తన జ్ఞాని పీక తనే నొక్కాడు. దొంగమొహం... నాతో ఒక్క మాట చెప్పకూడదూ?

వెళ్తూ వెళ్తూ మాస్టారు గడప దగ్గర నిలబడ్డాడు.

"దిద్దెయ్ వదినా. అట్ట మీద వాడి పేరు కూడా ఉంటుంది. తెలిసినవాళ్లెవరైనా చూస్తే, వెన్‌బోకి చదవడం రాదంటారు."



నిజమే. లండన్ వాళ్లకి తెలియకపోవచ్చు. ఆ విరిగిన వాక్యాలే బాగున్నాయని కూడా అంటారేమో. కానీ ఆయన ఒప్పుకోడు. బతికుంటే అన్నం ముట్టడు.

రేపు పంపాలి. పొద్దున్నుంచి దిద్దుతున్నాను. ఒక్కో చుక్కా కొట్టేసి ఇంగ్లీషు తిరగరాస్తున్నాను. వాక్యాలు కలుస్తున్నాయి. నీళ్లు కదులుతున్నాయి. జ్ఞాని హాయిగా మాట్లాడుతున్నాడు.

చుక్క పోయిన చోటల్లా ఆయన పోతున్నాడు.

ఇంక ఒక్కటే మిగిలింది. చివరి పేజీలోది. అక్కడ ఆయన చాలాసేపు ఆగాడు. నీళ్లు అడగలేదు. నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. నేను తల ఎత్తలేదు. చుక్క పెట్టే పనిలో ఉన్నాను.

తల ఎత్తాల్సింది.

కొట్టేస్తే ఆయన పరువు నిలుస్తుంది. ఉంచితే ఆయన ఊపిరి నిలుస్తుంది.

ఎర్ర చుక్క పక్కన పెన్సిల్ ఆనించి కూర్చున్నాను. కుర్చీ ఖాళీగా ఉంది. ఫ్లాస్కులో నీళ్లు వేడిగానే ఉన్నాయి. అలవాటు చొప్పున పోసిపెట్టాను.

గుయ్‌హువా వాసన వస్తోంది.

గాలి ఆగింది.

ఈసారి తల ఎత్తి ఆయన కుర్చీ వైపే చూస్తున్నాను...