ఉలిగమ్మ ఊ

కథ చెప్పేవాళ్లకు ఎదురుగా ఊ కొట్టే మనిషి ఒకరుండాలి. ఊ లేకపోతే కథ నడవదు. పెనుకొండ దగ్గర హైవే పక్కనున్న కార్ల విడిభాగాల కంపెనీలో ఒక పాత ప్రెస్సు ఉంది, అదీ అట్లాంటిదే. ఇటు ఒకరు, అటు ఒకరు నిలబడాలి. ఇద్దరూ రెండేసి చేతులతో తమ ముందున్న బటన్లు నొక్కితేనే పైనున్న ఇనుప దిమ్మె దిగి, రేకును కారు తలుపు బందుగా వంచుతుంది. నాలుగు చేతులూ బటన్ల మీద ఉన్నాయంటే దిమ్మె కింద ఏ చెయ్యీ లేనట్టే. ఆ ఏర్పాటు కనిపెట్టినవాడెవడో పుణ్యాత్ముడు.

ఇటు కల్పన, అటు ఉలిగమ్మ. ఉలిగమ్మ ధర్మవరంలో మొగుడితో కలిసి పట్టుచీరలు నేసిన మనిషి. మగ్గం మూలబడ్డాక కంపెనీ బస్సెక్కింది. మగ్గం మీద మొగుడికి ఊ కొట్టే అలవాటు మాత్రం వదల్లేదు. రేకు సర్దగానే "ఊ" అనేది. షెడ్డు రొదలో మాటలు వినబడవు గానీ, ముక్కులోంచి వచ్చే ఆ ఊ మాత్రం ఎట్లాగో వినబడేది. కల్పన కూడా "ఊ" అనేది. దిమ్మె దిగేది. ఎన్ని కార్ల తలుపులు వాళ్ల ఊ మీద తెరుచుకుంటున్నాయో, లోపల చల్లగా కూర్చునేవాళ్లకు ఏం తెలుసు?

సూపర్‌వైజర్ సాయిప్రసాద్‌కు అది నత్తనడకగా కనిపించింది. పైనుంచి అతనికి ఒత్తిడి ఉన్నమాట నిజమే. కానీ ఒత్తిడి నీళ్లలాంటిది, ఎప్పుడూ పల్లానికే పారుతుంది. ఉలిగమ్మ వైపు బటన్లు రెండూ నొక్కిపెట్టి నల్లటేపు చుట్టేశాడు. ఇక ఆమె రేకులు పెట్టడం, తీయడమే. నొక్కడం కల్పన ఒక్కదాని పని. అప్పట్నుంచి ఉలిగమ్మ చేతులకు కాపలా ఆ ఊ ఒక్కటే అయింది.

ఒక పొద్దున రేకు వంకరగా కూర్చుంది. ఉలిగమ్మ రెండు చేతులూ లోపలికి పెట్టి సర్దుతోంది. వెనక నుంచి సాయిప్రసాద్ వచ్చి, "ఏం ఉలిగమ్మా, ఆదివారం డ్యూటీకి వస్తావా?" అని అరిచాడు.

"ఊ," అంది ఉలిగమ్మ.

కల్పన నొక్కింది.

నెత్తురు ఆగక, హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ఉలిగమ్మ ప్రాణం పోయింది. విచారణకు మనుషులు వచ్చేసరికి టేపు లేదు. పనిచేసే ఆమెదే అజాగ్రత్త అన్నారు. కల్పనను అడిగినప్పుడు సాయిప్రసాద్ పక్కనే నిలబడి ఉన్నాడు, ఆమెకు నోరు పెగల్లేదు. ప్రెస్సుకు దిష్టి తీసి బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. అవతలివైపు వేరే మనిషిని పెట్టారు. పని మొదలైంది.

అప్పట్నుంచి ఆ ఊ కల్పనను వదల్లేదు. కుక్కర్ కూతకు ముందు ఊ. బస్సులో పక్కనున్న ఖాళీ సీట్లోంచి ఊ. ఎదురుగా ఉన్న కొత్తామె పెదాలు కదలకుండానే ఊ. కూతురు కథ చెప్పమంటే కల్పన చెప్పేది కాదు. చెబితే పిల్ల ఊ కొడుతుంది గదా! ఎవరేం అడిగినా తలూపడమే తప్ప ఆమె కూడా ఊ అనడం మానేసింది. "నోట్లో ముత్యాలుండాయా ఏమే, రాలిపోతాయని?" అని అత్త సణిగేది. నోట్లో ఉలిగమ్మ ఉందని చెప్పలేక ఊరుకునేది.

మేడే నాడు కంపెనీలో షామియానా వేశారు. "కార్మికులే దేశానికి వెన్నెముక" అని బ్యానరు కట్టారు. బెంగళూరు నుంచి వచ్చిన పెద్దాయన, "రోడ్డు మీద పోయే ప్రతి కారులోనూ మీ చెయ్యి ఉంది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కల్పన తన చేతులు వెనక్కి దాచుకుంది. ఆమెను పిలిచి శాలువా కప్పారు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఉలిగమ్మ పేరైతే చిటికెడు కూడా ఎవరి నోటా రాలేదు. చివర్లో మాత్రం ఆమె కూతురు ఈశ్వరికి పని ఇస్తున్నట్టు ప్రకటించారు.

ఈశ్వరిని తెచ్చి నిలబెట్టింది ఇంకెక్కడో కాదు, తల్లి నిలబడిన చోటే.

"చిన్నమ్మా, మాయమ్మ నీ గురించి శానా చెప్తాండె. రేకు పెట్టినాక ఊ అనల్లంట గదా?" అంటూ సర్దుకుని, "ఊ" అంది. అదే ముక్కు, అదే గొంతు. కల్పన ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా నాలుగు బటన్లూ పనిచేస్తున్నాయి కదా అని గుండె చిక్కబట్టుకుంది.

ఆ ధైర్యమూ ఎన్నాళ్లో నిలవలేదు. సాయిప్రసాద్ టేపు పట్టుకుని వచ్చాడు.

"పెద్ద కంపెనీ లైను మన బందుల కోసరం ఆగుండాది. ఈ వారం ఒకటే సర్దుకోండి," అంటూ ఈశ్వరి వైపు బటన్లకు చుట్టేసి పక్కన నిలబడ్డాడు.

ఈశ్వరి రేకు అందుకుంది. "ఊ" అని వినబడింది. కల్పన అరచేతులు బటన్ల మీద ఆనాయి. నొక్కబోతూ ఎందుకో తలెత్తింది. ఈశ్వరి చేతులు రెండూ దిమ్మె కిందే ఉన్నాయి.

"ఊ అంటివి గదమ్మే?"

"లేదు చిన్నమ్మా. నేనింకా అన్లే."

కల్పనకు తన చేతులంటేనే భయం వేసింది. ఆ ఊ ఉలిగమ్మదో, తన తలకాయలోదో తెలియదు. ఎవరిదైనా మళ్లీ వినబడుతుంది. తాను నొక్కుతుంది. తల్లిని మింగిన దిమ్మె పిల్లనూ మింగుతుంది. గబగబా అవతలికి వెళ్లి, మిషను ఆపే ఎర్ర బటన్ కొట్టి, టేపు పీకి పారేసింది.

"ఏం చేస్తాండావు కల్పనా? బయట లారీ నిలబడుండాది!"

"నిలబడనీ సార్."

పక్క ప్రెస్సు మీదున్న సబీనా కూడా మిషను ఆపి చూస్తోంది. కల్పన ఈశ్వరి వైపు తిరిగింది.

"నీకొక మాట చెప్తా, విను. ఆ పొద్దు మీయమ్మ పక్క ఇట్లనే టేపు ఏసింటిరి."

"ఊ," అని వినబడింది.

"ఆదివారం వస్తావా అని ఈ సార్ అడిగె. మీయమ్మ ఆయప్పకు ఊ అనె. నాకే అనిందనుకొని నేను నొక్కితి."

"ఊ."

"మీయమ్మది అజాగ్రత్త కాదు. నేనప్పుడు నోరిప్పలేదు. ఇంక ఎవురడిగినా చెప్తా, యాడన్నా చెప్తా."

"ఊ," అన్నారు ఈసారి సబీనా, ఆమె వెనకున్నవాళ్లు, వాళ్ల వెనకున్నవాళ్లు. ఒక్కొక్క ప్రెస్సూ ఆగి, షెడ్డంతా నిశ్శబ్దమైంది. ఎక్కడో పెద్ద కంపెనీలో తలుపుల్లేని కార్లు వరసగా నిలబడిపోయి ఉంటాయి. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, సాయిప్రసాద్ వేళ్లకంటిన టేపు జిగురును ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు.

ఈశ్వరి ఏడుపు ఆపుకోవడానికి చున్నీ నోట్లో కుక్కుకుని ఉంది. దాన్ని తీసి కల్పన దగ్గరికి వచ్చింది.

"చిన్నమ్మా, మొదుట్లో ఊ అనింది నేను గాదు. నేనూ వింటి. మాయమ్మ గదా?"

ఉలిగమ్మ పోయిన తర్వాత కల్పన ఆ మాట పలకడం అదే మొదటిసారి.

"ఊ," అంది.