ఇరవై అయిదుకి ఎనిమిది

లెక్కల టీచరు ఆ బొమ్మను కొన్నది అందం చూసి కాదు, జాలిపడి. పాత అద్దం మార్పించడానికి ఫ్రేములు కట్టే దుకాణానికి వెళితే, గోడవారగా కనిపించింది. పెద్ద నీలం వృత్తం, దానిమీదికి ఒరిగిన పసుపురంగు త్రిభుజం, పక్కనుంచి పోయే సన్నటి ఎర్ర గీత. కింద అంచున పెన్సిలుతో 8/25 అని ఉంది. ఏళ్ళ తరబడి జవాబు పత్రాలు దిద్దిన కళ్ళు కదా, దాన్ని మరోలా చదవలేకపోయాయి. ఇంత చక్కని వృత్తానికి ఇరవై అయిదుకి ఎనిమిదా! ఆ మార్కులు వేసినవాడికి చేతులెలా వచ్చాయో!

"ఇది లిమిటెడ్ అండీ..." అని దుకాణదారు ఏదో చెప్పబోయాడు.

"తెలుస్తూనే ఉందిలెండి పాపం. ప్యాక్ చెయ్యండి," అంది.

తక్కువ మార్కుల బాధ ఆమెకు కొత్త కాదు. ఆమెకో కవల అక్క ఉంది. నాలుగు నిమిషాలు ముందు పుట్టి, ఆ తర్వాత అన్నిట్లోనూ ముందే నడిచిన అక్క. ఇద్దరూ అచ్చుగుద్దినట్టున్నారని వచ్చినవాళ్ళంతా అనేవాళ్ళు. "మార్కులు తప్ప," అని తండ్రి నవ్వేవాడు. ఆ మాటలో విషం లేదు. గుచ్చుకోవడానికి ముల్లుకి విషమెందుకు, మొన చాలు. చెల్లెలు పట్టుబట్టి లెక్కలు నేర్చుకుని టీచరయింది. అక్క మాత్రం పట్టు కూడా పట్టకుండా పెద్ద ఆఫీసులో పెద్ద ఆఫీసరయింది.

బొమ్మను మంచానికి ఎదురుగా తగిలించింది. బడినుంచి రాగానే కాళ్ళు చాపుకుని దాన్ని చూడటం అలవాటైంది. పరదాలోంచి ఎండ వడకట్టుకుని వచ్చే వేళకు నీలం వృత్తం మెల్లగా ఊపిరి తీస్తున్నట్టుండేది. ఎర్ర గీత దాని దాకా వస్తుంది, వెంట్రుకవాసి దూరంలో తాకకుండా వెళ్ళిపోతుంది. తాకితే స్పర్శరేఖ అని బోర్డు మీద రాసి పారేసేది. తాకలేదు కాబట్టే దానికి పేరు లేదు. ఇవాళ తాకుతుందేమోనని చూస్తూ చూస్తూ ఆమె ఆ సందులోకి జారిపోయేది. అక్కడ ఏ, బీ, సీ అని అక్షరాల్లేవు. 'నిరూపించండి' అని అడిగేవాళ్ళు లేరు. మంచం, గది, దిద్దాల్సిన కట్టలు అన్నీ నీళ్ళలో నానిన కాగితంలా మెత్తబడిపోయేవి. పక్కన టీ చల్లారిపోయేది. ఆమె మాత్రం సంతోషంగా ఉండేది, ఎందుకని అడిగితే చెప్పలేనంత సంతోషంగా.

అలా ఉండగా అక్క ఫోను చేసింది, ఆదివారం వస్తున్నానని.

అక్క నోటి మాటంటే ఆమెకు తీర్పే. "ఇవేం పిచ్చిగీతలే?" అని అక్క ఒక్కమాటంటే చాలు, అవి పిచ్చిగీతలైపోతాయి. మళ్ళీ ఆ సందులోకి దారి దొరకదు. శనివారమే బొమ్మను దించి బీరువా వెనక పెట్టేసింది. గోడ బోసిపోయింది. పొద్దున లేచి ఆ గోడను చూసేసరికి సిగ్గేసింది. చుట్టాలొస్తున్నారని పరీక్ష తప్పిన పిల్లను వెనకగదిలో దాస్తామా? మళ్ళీ తీసి తగిలించింది.

అక్క వచ్చింది. వస్తూనే బొమ్మ ముందు ఆగింది. కళ్ళజోడు సర్దుకుని, వంగి కింది అంచును చూసింది.

"ఎనిమిదే వచ్చాయి పాపం," అంది చెల్లెలు, తప్పు తనదే అయినట్టు. "కానీ నాకు నచ్చిందక్కా."

అక్క తెల్లబోయి చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. "ఓసి నీ లెక్కలు పాడుగాను! అవి మార్కులు కాదే. ఈ బొమ్మ మొత్తం ఇరవై అయిదే అచ్చేశారు. ఇది ఎనిమిదోది. మా ఆఫీసులోనూ ఒకటుంది, పదిహేడోది."

చెల్లెలు మంచం మీద కూలబడింది. తనతోపాటు తప్పిన నేస్తం తప్పనే లేదట. అసలు పరీక్షే జరగలేదట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అయితే ఒకటోది అన్నిటికన్నా గొప్పదా?" అని అడిగింది చివరికి.

"గొప్పేముందే? ముందు అచ్చయింది, అంతే. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒక్కటే..." అంటూ అక్క ఆగిపోయింది. ఆ మాట ఎక్కడ విన్నారో ఇద్దరికీ గుర్తొచ్చింది.

అక్క బొమ్మవైపు తిరిగింది. "ఏళ్ళుగా ఆఫీసులో దాని ఎదురుగానే కూర్చుంటున్నానే. వచ్చినవాళ్ళు ఆహా అంటారు, నేనూ ఆహా అంటాను. నిజం చెప్పనా? నాకేమీ కనిపించదు. నంబరు, సంతకం, అంతే. నువ్వేం చూస్తావో నాకూ నేర్పవే."

బుద్ధెరిగాక అక్క తనను ఏదైనా నేర్పమనడం అదే మొదలు. చెల్లెలికి కళ్ళు నిండాయి. జరిగి చోటిచ్చింది.

"ఎర్ర గీతను చూడు. తొందరపడకు. తాకుతుందేమోనని ఊరికే చూస్తూ ఉండు."

పరదాలోంచి ఎండ దిగింది. వృత్తం ఊపిరి తీసింది. గది అంచులు మెత్తబడ్డాయి. రెండు కప్పుల టీ చల్లారింది.

"తాకిందే!" అంది అక్క, గుసగుసగా.

తాకలేదని లెక్కల టీచరుకు తెలుసు. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ కంటబడ్డ తప్పునల్లా దిద్దుతూ వచ్చిన మనిషి. ఈ ఒక్కటీ దిద్దలేదు.