చంద్రమ్మ ఇంటి ముందు మలుపు

నారాయణప్ప గొంతుక్కూర్చుని, గుప్పిట్లోంచి ముగ్గుపిండి సన్నగా జారవిడుస్తూ బండ్లబాట మీద బాణం గుర్తు గీస్తున్నాడు. మొన నదివైపు. ముగ్గు పోయడం ఆడవాళ్ళ పని కదా అని మొదట్లో అటూ ఇటూ చూసి పోసేవాడు గానీ, ఇప్పుడు చెయ్యి తిరిగిపోయింది. గీత ఎక్కడా తెగలేదు. మేకలు తొక్కకుండా రెండు రాళ్ళు అడ్డం పెట్టి, మోకాళ్ళ మీద చేతులూని లేచాడు. పిండి అంటిన చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆ ప్యాంటు ఒకప్పుడు నల్లది.

రేపు ఆదివారం. పొద్దున్నే మాదాపూర్ నుంచి ఒక వ్యాను సైకిళ్ళు వేసుకుని ఈ గుట్టలమీదికి వస్తుంది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రకారు అందులోంచి దిగి, గేర్ల సైకిళ్ళెక్కి మూసీ ఒడ్డువెంట కిందికి తొక్కుకుంటూ పోతారు. లారీ ఎదురుకాకూడదు, బస్సు హారన్ వినపడకూడదు, అదీ వాళ్ళ సరదా. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని, రెండువేల సంవత్సరం వస్తే అవి ఏమైపోతాయోనని తలలు పట్టుకునేవాళ్ళు. వాళ్ళకు ఒక్కపూట నిశ్శబ్దం కావాలి, పాపం. ఆ నిశ్శబ్దం ఎటు పోతే దొరుకుతుందో చూసి గుర్తులు పెట్టడం నారాయణప్ప పని. శనివారం శనివారం హఫీజ్‌పేటలో తన పాత సైకిలును ప్యాసింజర్ రైలెక్కించి, గుట్టల దగ్గర దిగి, సాయంత్రందాకా మలుపు మలుపునా పిండి పోసుకుంటూ పోతాడు.

కదిరిలో ఉన్నప్పుడు అతనికి అద్దెసైకిళ్ళ షాపు ఉండేది. మోపెడ్లొచ్చి ఆ షాపును మింగేశాయి. భార్య శారదమ్మను తీసుకుని హైదరాబాదు వచ్చి, మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్నప్పుడు సిమెంటు బస్తాలకు కాపలా కాశాడు. మేడలు లేచాక అందులోనే ఒక ఆఫీసులో టీలు అందించే పనిలో కుదిరాడు. ఒకరోజు ఎవరిదో గేర్ల సైకిలు చైను పడిపోతే ఎక్కించాడు. అంతే, సైకిళ్ళ సంగతంతా అతని నెత్తిన పడింది.

సన్నగా పొడుగ్గా ఉంటాడు. నడుస్తుంటే మెడ కాస్త ముందుకు వంగి, ఎవరో పిలిస్తే వినడానికి వెళుతున్నట్టు ఉంటుంది. మాట తక్కువ. ఆఫీసులో కప్పు పగిలినా, ఫైలు కనపడకపోయినా, ఎవరు ఏమడిగినా అతని జవాబు ఒక్కటే. "నాకు తెల్దు సార్." తెలిసినా అదే మాట. దాంతో ఇన్నేళ్ళు ఎవరి నోటా పడకుండా నెట్టుకొచ్చాడు. అదేమంత గొప్పగా చెప్పుకునే విషయం కాదు, అతనూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఏరు దాటే చోట తెల్లని ఇసుక. ఇక్కడ పిండి కనపడదు. సంచిలోంచి ఇంకో పొట్లం తీశాడు. ముగ్గులో కుంకుమ, కాస్త పసుపు కలిపి తడిపిన ముద్ద అది, పోస్తుంటే వేళ్ళు ఎర్రబడతాయి. రెండువారాల కిందట ఇలాంటి ఇసుకనేలలోనే గుర్తు కనపడక ఆఫీసు సార్లు మలుపు తప్పి, వెళ్ళివెళ్ళి లారీల రోడ్డు మీద తేలారు. సోమవారం మేనేజరు ఉదయ్ భాస్కర్ టీ కప్పు అందుకుంటూ, "కొంచెం బాగా కనపడేట్టు వెయ్యండి నారాయణప్పగారూ, రంగు ఏదైనా పర్లేదండి," అన్నాడు. గోదావరి జిల్లా మనిషి, మర్యాదగానే అన్నాడు. అందరి ముందూ అన్నాడు.

ఇంట్లో దేవుడి గూట్లో కుంకుమ డబ్బా ఖాళీ అయితే శారదమ్మ అడిగింది. ఆఫీసులో పూజకని చెప్పాడు. నాలుగుబాటలు కలిసేచోట కుంకుమా పసుపూ పోస్తే చూసినవాళ్ళు ఏమనుకుంటారో కదిరిలో పుట్టి పెరిగినవాడికి తెలియదా? తెలుసు. పోయినవారం చంద్రమ్మ ఇంటి ముందు కూడలిలో, బాగా కనపడాలని ఎర్రగా గుండ్రంగా పోసి, చుట్టూ రాళ్ళు పెట్టినప్పుడు ఒక్కక్షణం తనకే ఒళ్ళు జలదరించింది. కానీ రైలుకు టైమైపోతోంది. చంద్రమ్మ గడపలో నిలబడి చూసి, "ఏందన్నా గిది, జాతర చేస్తున్నవా?" అని నవ్వింది. అతనూ నవ్వి సైకిలెక్కాడు.

చంద్రమ్మది ఒంటరి బతుకు. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. కూలికి పోతుంది, రెండు కోళ్ళున్నాయి. ఊరికి ఇవతల, కూడలి పక్కన తాటాకుల ఇల్లు. శనివారం అతను వచ్చే వేళకు పని లేకపోతే పల్చటి మజ్జిగలో ఉప్పేసి ఇస్తుంది. ఊరు కాని ఊళ్ళో అతన్ని అన్నా అని పిలిచే మనిషి ఆమె ఒక్కతే.

ఇవాళ మలుపు తిరగ్గానే ఆ ఇంటి ముందు జనం కనిపించారు. సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్ళాడు. పోయినవారం పోసిన ఎర్రగుర్తు ఇంకా అలాగే ఉంది. తడిపి పోశాడాయె, ఎండి గట్టిపడింది. దాని చుట్టూ ఎడంగా నిలబడ్డారు అందరూ. చంద్రమ్మ మాత్రం దాని పక్కనే ఉంది. కొప్పు ఊడిపోయి ఉంది, చెంప కమిలి ఉంది.

సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఊరి పెద్ద లింగయ్య మనవడికి నాలుగురోజులుగా జ్వరం దిగలేదు. దవాఖానకు తీసుకుపోయినా దిగలేదు. అమావాస్య వెళ్ళిన మర్నాడు ఎవరో ఈ గుర్తు చూశారు. ఒంటరి ఆడది, గుర్తు ఆమె గుమ్మం ముందే. ఇక చెప్పేదేముంది.

"అగో, గీ అన్ననే పోసిండు," అంది చంద్రమ్మ అతన్ని చూసి. ఆమె ముఖంలోకి ప్రాణం వచ్చింది. "నా కండ్లార జూసిన. పట్నమోళ్ళకు తొవ్వ దెల్వాలని పోస్తడు. అడుగుండ్రి."

లింగయ్య దగ్గరికొచ్చాడు. ముసలాయన, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్రలేదు. "తెల్ల గుర్తులు నీయే, మాకెరుకే. గీ ఎర్రది గూడ నీదేనా? నిజం చెప్పు, నిన్నేమనం," అన్నాడు.

వెనక కర్రలు పట్టుకున్న మొగాళ్ళున్నారు. చేతబడి చేశారని ఎక్కడో ఎవరివో పళ్ళు ఊడగొట్టారని పేపర్లో చదివింది గుర్తొచ్చింది. కంపెనీ పేరు ఊళ్ళో ఎక్కడా చెప్పొద్దని ఉదయ్ భాస్కర్ అన్నదీ గుర్తొచ్చింది. ఇవన్నీ గుర్తొచ్చాయి గానీ, నోరు వీటికోసం ఆగలేదు. దానికి అలవాటైన మాట అది అనేసింది.

"తెల్లవే నావి. ఎర్రది నాకు తెల్దు."

అంటూ కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

చంద్రమ్మ అతన్నే చూసింది. తిట్టలేదు. ఒక్కమాట తిట్టి ఉంటే బాగుండేది. "గట్లనా అన్నా," అంది మెల్లగా. జనంవైపు తిరిగి, "అయితే నేనే పోసుంట తియ్," అంది.

అక్కణ్ణుంచి నారాయణప్ప ఎలా కదిలాడో అతనికే తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాడని రాస్తే బాగుంటుంది గానీ, చావలేదు. సైకిలెక్కాడు, తొక్కాడు. తర్వాతి మలుపులో ఆగి తెల్లగుర్తు కూడా పోశాడు. గీత తిన్నగానే వచ్చింది. అది చూసి ఇంకా అసహ్యం వేసింది.

ఏటి ఒడ్డున బండమీద కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచాడు. శారదమ్మ చింతపండు పులుసన్నం కలిపి పెట్టింది. ముద్ద ఎత్తబోయి చేతివంక చూసుకున్నాడు. నీళ్ళలో చెయ్యి ముంచి ఇసుకతో తోమాడు. గోళ్ళ సందుల్లో ఎరుపు పోలేదు. ఆ కమిలిన చెంప కళ్ళముందునుంచి కదలలేదు. నేను పోసినందుకు ఆమె దెబ్బలు తింది, నేను కాదన్నందుకు ఇంకా తింటుంది, అనుకున్నాడు. ఏటి చప్పుడు తప్ప ఇంకేదీ వినపడటం లేదు. సార్లకు కావలసిన నిశ్శబ్దం ఇదే. ఇక్కడ కూర్చోవడానికే ఒళ్ళు మండింది.

డబ్బా మూసి, సైకిలు వెనక్కి తిప్పాడు.

వెనక్కి అంతా ఎత్తే. దిగి తోశాడు, ఎక్కి తొక్కాడు, చొక్కా వీపుకు అంటుకుపోయింది. దారంతా ఒకటే మాట లోపల లోపల అనుకున్నాడు: నాదే, ఎర్రది నాదే, ఏం చేసుకుంటారో చేసుకోండి. కొడితే కొట్టనీ. అంత గట్టిగా ఒక మాట అనుకోవడం అతని బతుకులో అదే మొదలు. ఆయాసంలోనూ మెడ కాస్త నిటారుగా నిలబడింది.

కూడలి చేరేసరికి జనం లేరు. ఎండ వాలింది. తాటాకుల ఇంటి తలుపు దగ్గరగా వేసి తీగతో చుట్టి బిగించి ఉంది. ఎదుటి గట్టుమీద లింగయ్య ఒక్కడే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"పెద్దాయనా, ఆ ఎర్రది నాదే," అన్నాడు నారాయణప్ప. "ఆయమ్మకు ఏం తెల్దు. నేను పోసినా. నాతోటి చెప్పించండి ఊరందరికీ."

లింగయ్య బీడీ పొగ పక్కకు వదిలాడు. తర్వాత, "ఎరుకే," అన్నాడు. "నువ్వు చెయ్యి జేబుల వెట్టుకునెటప్పుడే సూసిన. ఏళ్ళు ఎర్రగున్నయ్."

"మరి అనలేదే?"

"పోసినోడివి నువ్వే కాదంటివి. నా ఇంట్ల పోరడు మంచం మీదున్నడు, ఆడోళ్ళు ఏడుస్తున్నరు. నేనొక్కణ్ణి ఔనంటె ఎవడింటడు?" బీడీ నేలకేసి రుద్దాడు. నారాయణప్ప ముఖంలోకి చూడలేదు. నారాయణప్పా అతని ముఖంలోకి చూడలేకపోయాడు.

"ఆయమ్మ యాడుంది? నేను చెప్తా."

"నాలుగ్గంటల బస్సెక్కింది. ఎవలింటికి పోతున్నవని అడిగితే చెప్పలే. కోళ్ళను గంపల వెట్టుకొని పోయింది. ఎవ్వలం పొమ్మనలే, నిజంగ. గా గుర్తు ఆమె చేతులతోనే ఊడ్చి అలుకుమన్నం, గంతే. అలికింది. అలికి, చెయ్యి కడుక్కొని, పోయింది."

నారాయణప్ప కూడలిలోకి వెళ్ళాడు. పేడనీళ్ళతో అలికిన చోటు ఇంకా తడిగా ఉంది. రేపు పొద్దున సార్లు ఇక్కడికొచ్చి ఎటు తిరగాలో తెలియక నిలబడతారు. సంచి విప్పలేదు. ఆమె ఎవరింటికి పోయిందో తెలిసుంటే ఆ బస్సు వెనకే తొక్కుకుంటూ పోయేవాడు. ఎటని పోతాడు? లింగయ్య లేచి, కర్ర పొడుచుకుంటూ ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. మేకలు మళ్ళించుకొస్తున్న ఒక మనిషి అలికిన చోటు తొక్కకుండా మందను దూరంగా గట్టువారగా తోలుకుపోయాడు.

అలికిన చోటికి బెత్తెడు దూరంలో, ఎవరూ తాకడానికి ఇష్టపడని ఆమె చీపురు పడి ఉంది, పుల్లల చివర కుంకుమ ఎర్రగా.