పద్నాలుగో నంబరు బిబ్బు

బిబ్బు ఉతకమని ఇచ్చినాడు మా ఆయన. పసుప్పచ్చగా, చేతుల్లేకుండా, వీపున పద్నాలుగు అని పెద్ద అంకె ఉండే పైచొక్కా అది. అది తొడుక్కున్న మా ఆయనలాంటి పేపరు ఫోటోగ్రాఫర్లనే స్టేడియంలో ట్రాకు లోపలికి పోనిస్తారు. "చెమట కంపు కొడతా ఉంది రమా, బాగా ఉతుకు, రేపు మళ్ళా వేసుకోవాల" అని బాత్రూం తలుపు మీద పడేసి పోయి టీవీ ముందర కూర్చున్నాడు. ఉతికినాను. సబ్బు పెట్టి, మెడ దగ్గర బ్రష్షుతో రుద్ది, ఫ్యాను కింద ఆరేసినాను.

దాన్ని ఇంటికి తేకూడదు. ఆ సంగతి నాకు తెలుసు కూడా. ఆసియా అథ్లెటిక్స్ పోటీలు మా నెల్లూరికి వచ్చినాయి, మైపాడు రోడ్డులో కొత్తగా కట్టిన స్టేడియంలో. మొదటి రోజు పొద్దున్నే రూఫస్ గారు ఫోటోగ్రాఫర్లందరినీ కూర్చోబెట్టి నియమాలు చదివినాడు. మా ఏర్పాట్లన్నీ చూసేది ఆయనే. లోపల నిలబడకూడదు, పొట్టి స్టూలు మీద కూర్చోవాల. ఫ్లాషు కొట్టకూడదు. పరుగు మొదలయ్యే ముందు కదలకూడదు. పేపరుకి ఒక్కటే బిబ్బు. పొద్దున సంతకం పెట్టి తీసుకోవాల, సాయంత్రం సంతకం పెట్టి తిరిగి ఇయ్యాల. ఇయ్యకపోతే మర్నాడు ఆ మనిషికి బిబ్బు లేదు. ఇదంతా నేను శ్రద్ధగా విన్నాను. లాప్‌టాప్ మొయ్యడానికీ ఫోటోలు పంపడానికీ మా ఆయన నాకు అసిస్టెంటు కార్డు ఇప్పించినాడులే. ఆయన మాత్రం వెనక వరసలో ఇంకో పేపరు ఫోటోగ్రాఫరు క్రీస్తురాజుతో కబుర్లు చెప్పుకుంటా కూర్చున్నాడు. విన్నదాన్నే, అయినా విడిచిన బట్ట చేతికి వచ్చేసరికి నా బుర్రలోకి నియమం రాలా, సబ్బు వచ్చింది. పదకొండేళ్ళ కాపురం మరి.

పొద్దున ఎనిమిదింటికి రూఫస్ గారు ఆ బిబ్బుని చేతిలోకి తీసుకొని వాసన చూసినాడు.

"ఇది ఉతికారా?"

"మా ఆవిడ తీసకపోయి ఉతికేసింది సార్" అన్నాడు మా ఆయన, నన్ను చూపించి.

"ఆవిడే మీ ఒంటి మీద నుంచి విప్పుకొని పోయిందా?"

నాకు నవ్వు రావాల్సింది, రాలా. రూఫస్ గారు కాగితంలో పెంచల్ అని ఉన్న మా ఆయన పేరు మీద అడ్డంగా గీత కొట్టి, "మీ పేపరుకి రెండో కార్డు ఉంది కదా, ఆ మనిషికి ఇస్తాను. పోలేరమ్మ గారెవరు?" అన్నాడు. నేను కూడా అటూ ఇటూ చూసినాను. రెండోసారి పిలిచినాక గానీ అది నా పేరని తెలిసి రాలా. పెళ్ళైన మూడో రోజు మా అత్త చెంచులక్ష్మి తీసేసింది దాన్ని. "ఇంట్లో పోలేరమ్మా అని కేకేస్తే జాతరకి చాటింపు వేసినట్టుంటది, రమ అంటే సరిపోద్ది" అనింది. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. సముద్రం పక్క ఊరి పిల్లని, టౌనుకొచ్చిన కొత్త, వాళ్ళు ఏది పెడితే అదే తిని ఏ పేరు పెడితే ఆ పేరుకి పలికినాను.

బిబ్బు తొడుక్కుంటే మోకాళ్ళ దాకా వచ్చింది. పిన్నీసులు పెట్టుకుంటా ఉంటే మా ఆయన పక్కకి తీసకపోయి, "చెప్పాల్సిన పని లేదా మే? బిబ్బు ఇంటికి తెచ్చినప్పుడే గుర్తు చెయ్యాలని తెలీదా?" అన్నాడు. నేను ఇంకో పిన్నీసు పెట్టుకున్నాను. "సరేలే, నేను ఫోన్లో చెప్తా ఉంటా. ముగింపు గీత వైపే పెట్టి కూర్చో. పిచ్చి ప్రయోగాలు చేయబాక" అని కెమెరా నా మెడలో వేసినాడు.

లోపలికి పోతే అందరూ మొగోళ్ళే. "వదినా, నువ్వొచ్చినావేంది? అన్న యాడ?" అని క్రీస్తురాజు. "బయట" అన్నాను. నా స్టూలు మీద నేను కూర్చున్నాను. సముద్రం మీద గాలికి లెన్సు మీద ఉప్పు పేరుకుంటా ఉంటే చున్నీ కొసతో తుడుచుకున్నాను. ఫోటోగ్రాఫర్ల వైపు ఆడవాళ్ళకి బాత్రూం లేదు. స్టూలు ఎత్తు కూడా రాసినోళ్ళకి అది గుర్తు రాలా. నీళ్ళు తాగడం మానేసినాను, అది నాకు అలవాటే. మీటింగుల్లో మా ఆయన పెద్దోళ్ళతో చేతులు కలుపుతా తిరిగేటప్పుడు కెమెరా నా మెడలోనే ఉండేది. రోజుల తరబడి నేనే తీసినాను. మర్నాడు పేపర్లో బొమ్మ కింద పెంచల్ అని ఉండేది. ఒకసారి అడిగినాను. "మొగుడూ పెళ్ళాల్లో నీదీ నాదీ ఏందే? పేరొస్తే ఇంటికి కాదా?" అన్నాడు. మొదట్లో కోపం వచ్చేది. కూరలో ఉప్పెక్కువైతే అది నాది, బొమ్మ బాగుంటే అది ఇంటిది, ఇదేం న్యాయం అని రగిలిపోయేదాన్ని. తర్వాత్తర్వాత కోపం కూడా రావడం మానేసింది. తిమ్మిరెక్కిన కాలిని గిల్లితే తెలీదే, అట్టా అయిపోయినాను.

మధ్యాహ్నం దాటినాక ఆడపిల్లల నాలుగు వందల మీటర్ల హర్డిల్స్ ఫైనలు. అందరి లెన్సులూ గీత వైపు తిరిగినాయి. నా జేబులో ఫోను గురగురమంటానే ఉంది. ఎత్తలా. ఆ గురగుర మీద నాకు విసుగు పుట్టింది. చాన్నాళ్ళకి పుట్టిందేమో, బాగుందనిపించింది కూడా. పిల్లలు లేన్లలోకి రాకముందే స్టూలు గీత వైపు నుంచి ఆఖరి హర్డిల్ వైపు తిప్పి కూర్చున్నాను. తుపాకీ మోగింది. ఆరో లేనులో నల్లటి సన్నపాటి పిల్ల, గెలిచేది కాదు, నాలుగో అయిదో వస్తా ఉంది. ఆఖరి హర్డిల్ మీద గాల్లో ఉన్నప్పుడు నవ్వింది. ఎవురికోసమో కాదు, ఊరికే, తనలో తనే. నొక్కినాను. బొమ్మ చూసుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. నేను అట్టా నవ్వుకొని ఎన్నేళ్ళైందో లెక్క తెలీలా నాకు.

ఫోటోగ్రాఫర్ల గదిలో బల్ల దగ్గర కూర్చొని, కేబులు తగిలించి, బొమ్మ కింద నాలుగు ముక్కలు రాసి పంపించినాను. అయిదు నిమిషాల్లో పేపరు ఆఫీసు నుంచి విజయభాస్కర్ గారు ఫోను చేసినాడు. మొదటి పేజీ చూసేది ఆయనే.

"అమ్మా, పెంచల్‌కి చెప్పు, ఇన్నేళ్ళలో ఇట్టాంటి ఫోటో తీయలేదు వాడు. పైన పెద్దగా వేస్తున్నాం."

"చెప్తాను సార్" అన్నాను.

ఫోను పెట్టేసినాక పంపించింది తెరిచి చూసినాను. కింద 'ఫోటో: పెంచల్' అని ఉంది. నేనే కొట్టినాను. ఎవురూ నా చెయ్యి పట్టుకొని కొట్టించలా, పక్కన మా ఆయన కూడా లేడు. ఇన్నేళ్ళూ ఆయన లాక్కుంటా ఉన్నాడనుకున్నాను గానీ, నా వేళ్ళే తీసి ఆయన చేతిలో పెడతా ఉన్నాయి. మళ్ళీ ఫోను చేసి మార్పించుకోవచ్చు. చేద్దామని ఫోను పట్టుకొని ఏమని మొదలుపెట్టాలో తెలీక అట్నే కూర్చుండిపోయినాను. ఆ బొమ్మ ఆయన పేరు మీదే పోయింది. దాని మీద ఏడుపు కూడా రాలా.

సాయంత్రం ఆరింటికి బిబ్బు విప్పి రూఫస్ గారి బల్ల మీద పెట్టి సంతకం చేసినాను.

"రేపు ఆఖరి రోజు, రిలే ఫైనల్సు" అన్నాడాయన. "మీ ఆయన మధ్యాహ్నమంతా నా వెంటపడి బతిమాలారు. సరే, రేపు ఆయనకి ఇవ్వడానికి ఒప్పుకున్నాను. కానీ ఈ రోజు బిబ్బు మీది కాబట్టి, రేపటి మనిషి పేరు మీరే రాసి సంతకం పెట్టాలి."

కాగితం నా వైపు తిప్పినాడు. పద్నాలుగు పక్కన ఖాళీ గడి. చేతిలో పెన్ను పట్టుకున్నాను. వేళ్ళని నమ్మలేక, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటా రాసినాను. రూఫస్ గారు తల ఎత్తి చూసి, ఏమీ అడక్కుండా ముద్ర వేసినాడు.

గేటు దాటకముందే మా ఆయన ఇంటి నుంచి ఫోను.

"బిబ్బు ఇచ్చేసినావా?"

"ఇచ్చేసినాను."

"రేపటికి నా పేరు రాసినావా?"

"ఆఁ, నా పేరే రాసినాను."

"అదే, నా పేరే కదా?"

"మీది కాదండీ. నాది. పోలేరమ్మ అని."

ఫోన్లో ఆయన వెనక మోగతా ఉన్న టీవీ ఆగింది. తర్వాత, చిన్న గొంతుతో, "మరి రేపు నేనేం చేసేది?" అన్నాడు.

ఆయన బనీను యాడుందో, బ్యాటరీ యాడుందో, మాత్ర ఏ పూట వేసుకోవాలో, ఎవురికి ఏమని ఫోను చెయ్యాలో, పదకొండేళ్ళుగా అడిగిందే తడవు చెప్పినదాన్ని.

"నాకు తెలీదు" అన్నాను.